రాజహంస, గూడబాతు, గుడ్డికొంగ: పక్షుల పేర్లలో ఏది ఒప్పు?

సందేహం: ఆరుబయట పక్షులను పరిశీలించేటప్పుడు పాటించవలసిన సూచనలను మా పాఠశాల పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. పులికాట్ సరస్సులో కనిపించే ఫ్లెమింగోను రాజహంస అనవచ్చునా? నేలపట్టులో గూళ్లు కట్టుకొనే పెలికాన్‌ను కొందరు గూడబాతు అనీ, కొందరు గూడకొంగ అనీ అంటున్నారు. అది బాతూ కాదు, కొంగా కాదు కదా! ఏది సరైన పేరు?

సమాధానం: మొదటి ప్రశ్నకు అమరకోశం దగ్గర మొదలుపెట్టడం మంచిది. ముక్కూ కాళ్లూ ఎర్రగా ఉన్న తెల్లని హంసలు రాజహంసలనీ, ఆ ముక్కూ కాళ్లూ మాసిన రంగులో ఉంటే మల్లికాక్షాలనీ, నల్లగా ఉంటే ధార్తరాష్ట్రాలనీ అమరసింహుడు విభజించాడు. ముక్కు రంగు, కాళ్ల రంగు చూసి పక్షిని గుర్తించాలని నేడు దుర్భిణి చేతబట్టినవారు చెప్పే మాట కూడా అదే. ఫ్లెమింగోకు కాళ్లు గులాబీ రంగులో ఉంటాయి, ముక్కు కొన మాత్రం నల్లగా ఉంటుంది. కనుక ఆ నిర్వచనం దానికి చాలావరకు సరిపోతుంది గాని, పాలనూ నీళ్లనూ వేరుచేసే కావ్యాల హంసనూ, తల వంచి ముక్కును తలకిందులుగా బురదనీటిలో ఆడిస్తూ మేత వడగట్టుకొనే ఈ పక్షినీ ఒకటే అనడం సాహసమవుతుంది. పైగా పిల్ల ఫ్లెమింగోలు బూడిదరంగులో ఉంటాయి. రాజహంస అని చదువుకొని వెళ్లిన పిల్లవాడు వాటిని చూసి ఇంకేదో పక్షి అనుకొనే ప్రమాదముంది. వ్యాసంలో ఫ్లెమింగో అనే రాసి, రాజహంస అని కూడా అంటారని ఒకచోట చెప్పండి.

ఇక రెండవది. తెలుగువారి పక్షినామాలలో చివరి పదం శాస్త్రజ్ఞుల వర్గీకరణను చెప్పదు. నీటిలో ఈదేది బాతు, నీటి ఒడ్డున పొడుగు కాళ్లతో నిలిచేది కొంగ, నేలమీద పరుగెత్తేది కోడి అన్నది జనం కంటికి తోచిన లెక్క. అసలు గుర్తు మొదటి పదంలో ఉంటుంది. గూడ అంటే చేలకు నీరు తోడే బుట్ట. పెలికాన్ ముక్కు కింద వేలాడే సంచిని చూసినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత గూడబాతు, గూడకొంగ రెండూ ఒప్పే. వాడుకలో ఎక్కువగా వినిపించేది కాబట్టి నేనైతే గూడబాతునే ఎంచుకుంటాను.

కొంగల విషయంలో ఈ మొదటి పదం మరీ ఉపయోగపడుతుంది. తెడ్డుమూతి కొంగను ముక్కు చూసి, ఎర్రకాళ్ల కొంగను కాళ్లు చూసి పోల్చుకోవచ్చు. చెరువుగట్టున బురదరంగు వీపుతో కదలకుండా నిలబడి, మనిషి దగ్గరకు వచ్చేదాకా లేవని దానిని గుడ్డికొంగ అన్నారు. దానికి చూపు తక్కువేమీ కాదు. ఎగిరినప్పుడు తళుక్కుమనే తెల్లని రెక్కలను చూసేదాకా మన కళ్లే దానిని పట్టుకోలేవు! ఇవన్నీ కొంగలే అయినా ఎగిరే తీరు ఒకటి కాదు: తెల్లకొంగ, గుడ్డికొంగ మెడను మడిచి ఎగురుతాయి, ఎర్రకాళ్ల కొంగ, తెడ్డుమూతి కొంగ మెడను ముందుకు చాచి ఎగురుతాయి. పేరులో లేని ఈ భేదాన్ని మీ సూచనలలో తప్పక చేర్చండి.

స్థానికనామాన్ని తప్పని కొట్టివేస్తే ఎంత నష్టమో కలివికోడిని తలచుకుంటే తెలుస్తుంది. 1900 తరువాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు భావించిన ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. పట్టి చూపినవాడు ఆ చుట్టుపక్కల వేటగాడే. శాస్త్రం ప్రకారం అది కోడి కానే కాదు. అయితే కలివి పొదలున్న చోట వెతకాలన్న సంగతి ఆ పేరే చెబుతుంది.

కాబట్టి పిల్లలు తమ నోటుపుస్తకంలో మొదట ఆ ఊరివారు పలికిన పేరును పలికినట్లే, ఊరి పేరు, తేదీతో సహా రాసుకోవాలి. ఆ తరువాత ముక్కు, కాళ్లు, ఎగిరే తీరు రాయాలి. పుస్తకాలలోని పేరును ఇంటికి వచ్చాక చేర్చుకోవచ్చు. ఉదయమే సూర్యుణ్ణి వీపువైపు ఉంచుకొని నిలబడితే రంగులు సరిగా కనిపిస్తాయి. గూళ్ల దగ్గరకు మాత్రం వెళ్లనీయకండి, పెద్దపక్షి లేచిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ బలవుతాయి.

గూడబాతు, గుడ్డికొంగ, కలివికోడి సమాసాలు గనుక వాటిని కలిపే రాయాలి. గుడ్డి కొంగ అని విడదీస్తే నిజంగా చూపులేని కొంగ అనే అర్థం వస్తుంది.