ఐదడుగుల తొట్టి, ఆరడుగుల మనిషి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో ఉంటున్నాం, కొత్తగా డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లుండే) పికప్ కొన్నాం, వారాంతాల్లో భార్యాభర్తలం వెనుక తొట్టిలోనే పడుకుని క్యాంపింగ్ చేయాలనుకుంటున్నాం, తొట్టి టెంటు కొనాలా, తొట్టిని గదిలా మూసే ఫైబర్ క్యానోపీ బిగించాలా, బండి పైకప్పు మీద తెరుచుకునే టెంటు తీసుకోవాలా, లేక ఉత్త పరుపు పరిస్తే చాలా?

నా జవాబు: తొట్టిలో సామాను పెట్టండి, మీరు బండి పక్కన మంచం వేసుకుని పడుకోండి. మీరు చెప్పిన నాలుగింటిలో ఇది లేదని తెలుసు. అయినా ఇదే చెప్తాను. నాకూ ఒక పికప్ ఉంది, మా ఇంట్లో మా మామగారూ ఉన్నారు.

ముందు కొలతల సంగతి. ఈ సరదా మనకు పట్టుకున్నది అమెరికా వీడియోల వల్ల. అక్కడ ఫోర్డ్ ఎఫ్-150 కొనేవారికి ఐదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగుల తొట్లు దొరుకుతాయి, కావలసింది ఎంచుకోవచ్చు. ఎనిమిది అడుగుల తొట్టి ఇస్తే నేనూ కాళ్లు బార్లా చాపుకుని పడుకుంటాను. మన దగ్గర దొరికే డబుల్ క్యాబ్ బండ్లలో, అది శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ అయినా, టయోటా హైలక్స్ అయినా, తొట్టి పొడవు మీటరున్నరకు అటూ ఇటూ. అంటే ఐదడుగులు. వెడల్పూ దాదాపు అంతే కానీ రెండు పక్కలా చక్రాల మీది గుబ్బలు లోపలికి వచ్చి ఉంటాయి. వాటి మధ్య మిగిలేది మీటరుకు కాస్త ఎక్కువ, అంతే. వీడియోలు చూసి ఆర్డర్లు పెట్టేవారిలో ఎంతమంది టేపు పట్టుకుని తొట్టి కొలిచారో నాకు అనుమానమే. ఆ వీడియోల్లో వేలాడే రంగుల బల్బుల దండల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఈ జవాబు ఇప్పట్లో ముగియదు.

మూలగా పడుకోవచ్చు కదా అంటారు. లెక్క ప్రకారం కర్ణం రెండు మీటర్లు దాటుతుంది, నిజమే. కానీ మనిషి గీత కాదు, భుజాలుంటాయి. ఒక్కరైతే ఎలాగో సరిపోతారు. రెండోవారు క్యాబిన్‌లో సీటు వాల్చుకోవాలి. భార్యాభర్తల మధ్య ఆ ఒప్పందం నేను కుదర్చలేను.

వెనుక డాలా, అంటే తొట్టి చివర కిందికి తెరుచుకునే పలక, దించితే ఇంకో అడుగున్నర పొడవు కలుస్తుంది, అప్పుడు ఆరడుగుల మనిషి కూడా కాళ్లు చాపుకోవచ్చు. తొట్టి టెంట్లు ఎక్కువగా డాలా దించి వేసేలాగానే కుడతారు. టెంటు మాటకొస్తే, అది చవక, తేలిక, మడిస్తే సీటు వెనుక పడుతుంది. అయితే డాలాకు, తొట్టికి మధ్య ఉన్న సందులోంచి చల్లగాలీ దోమలూ కలిసే వస్తాయి, అక్కడ పాత దుప్పటి కుక్కాల్సిందే. పైగా రాత్రి పూట బండి కదపాల్సి వస్తే టెంటు మొత్తం విప్పాలి. కదపాల్సి వస్తుంది కూడా. "ఇక్కడ ఆపకూడదు" అని చెప్పేవారు మన దేశంలో ఏ చీకట్లోంచి అయినా వస్తారు.

ఇక క్యానోపీ. నా బండికి ఉన్నది అదే, సామాను విషయంలో దానికి వంక పెట్టను. వానకు తడవదు, కోతులు చేయి పెట్టలేవు. అమ్మినతను మాత్రం "లోపల ఒక్క నీటిబొట్టు కనిపిస్తే నన్నడగండి సార్" అన్నాడు. ఆ మాట ఎందుకు గుర్తుపెట్టుకున్నానో వినండి.

జనవరి నెల. మదనపల్లె దగ్గర మా అత్తగారి తరఫు బంధువుల మామిడితోటకు బయలుదేరాం. నేను, మా బావమరిది, మామగారు. శనివారం ఉదయం కదా అని కృష్ణరాజపురం వేలాడే వంతెన దగ్గర ఎవరూ కనికరించలేదు. ఊరు దాటడానికి పట్టిన సమయంలో సగం ప్రయాణం అయిపోయేది. హొసకోటె దాటాక గానీ బండి మూడో గేరు చూడలేదు. చింతామణి మీదుగా తోట చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ మించిపోయింది.

మా మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగంలో ఎక్కువ భాగం నైట్ హాల్ట్ బస్సులే. రాత్రి ఆఖరి ట్రిప్పు పల్లెలో ఆపి, అక్కడే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీయడం. ఎండాకాలం బస్సు టాపు మీద, వానాకాలం సీట్ల మధ్య చాప మీద. వాహనంలో నిద్ర గురించి ఆయనకున్న అనుభవం ముందు ఏ వీడియో నిలవదని నా అభిప్రాయం. ఆ రోజు ఆయన తెచ్చుకున్నవి మడత మంచం, గొంగళి, దోమతెర, దాన్ని కట్టడానికి నాలుగు వెదురు కర్రలు. మా బావమరిది తెచ్చినవి గాలి పరుపు, దానికి బ్యాటరీ పంపు, ఇందాక చెప్పిన బల్బుల దండ.

మామగారు గుబురుగా ఉన్న మామిడిచెట్టు కింద మంచం వేసుకున్నారు. "మంచు కురుస్తుంది మామయ్యా, లోపలికి రండి" అన్నాను. "చెట్టు కింద మంచు పడదు అల్లుడుగారూ, ఆకాశం కనిపించిన చోటే పడుతుంది" అన్నారు. ఇది పల్లెటూరి నమ్మకమని కొట్టిపారేయకండి, అచ్చమైన భౌతికశాస్త్రం. మబ్బు లేని రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని పైకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. రేకు, ఫైబర్ లాంటి పలచని కప్పులు మరీ తొందరగా చల్లబడతాయి. అప్పుడు గాలిలోని తేమ వాటి మీద నీరవుతుంది. పైన ఆకులు అడ్డుంటే ఆ వేడి అంత తేలిగ్గా పోదు. చెట్టు అన్నాను కదా అని కొబ్బరిచెట్టు కింద బండి పెట్టకండి, ఎండుకొమ్మలున్న ఏ చెట్టు కిందా పెట్టకండి.

మేమిద్దరం డాలా మూసి, దోమలకూ చలికీ భయపడి క్యానోపీ కిటికీలన్నీ బిగించి మూలమూలగా సర్దుకున్నాం. బావమరిది ఆరడుగుల పైన ఉంటాడు, వాడి మోకాళ్లు రాత్రంతా నా వీపులోనే ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక నుదుటి మీద టప్పుమని ఒక బొట్టు పడింది. కాసేపటికి ముక్కు మీద ఇంకొకటి. "బావా, వాన!" అని వాడు లేచి వెనుక తలుపు తీశాడు. బయట చుక్కలు పిండారబోసినట్లున్నాయి, ఎక్కడా మబ్బు తునక లేదు. లోపల పైకప్పును చేత్తో తాకితే నీళ్లు మోచేతి దాకా కారాయి. అమ్మినతను అబద్ధం చెప్పలేదు. పైనుంచి ఒక్క బొట్టు రాలేదు, ఆ నీరంతా మాదే. నిద్రలో ఊపిరితో, చెమటతో మనిషి వదిలే తేమ తక్కువేమీ కాదు, తెల్లవారేసరికి తలకొక గ్లాసు నీళ్లవుతుంది. మూసిన డబ్బాలో ఇద్దరుంటే అది చల్లటి కప్పుకు పట్టి తిరిగి మన మీదే కురుస్తుంది.

దానికి తోడు గాలి పరుపు. మెత్తగా ఉంటుంది, కాదనను. కానీ లోపల ఉన్నది ఖాళీ గాలి. అది కదులుతూ మన వేడిని కింద ఉన్న ఇనుప నేలకు చేరవేస్తూనే ఉంటుంది. పైన రెండు దుప్పట్లున్నా వీపు మంచులో పెట్టినట్లే ఉంది. చలికాలంలో పైన కప్పుకునేదాని కన్నా కింద పరుచుకునేది ముఖ్యమని ఆ రాత్రి నుంచి ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతున్నాను.

బావమరిది చలికి తట్టుకోలేక ఇంజను ఆన్ చేసి క్యాబిన్‌లో హీటరు వేసుకుని పడుకుంటానని తాళాలు తీశాడు. స్టార్టు చేసిన చప్పుడుకు మామగారు దోమతెర ఎత్తుకుని లేచి వచ్చారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. "ముందు ఆపు దాన్ని!" ఆగి ఉన్న బండిలో ఇంజను నడుస్తుండగా నిద్రపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాడికి లేచే అవకాశమూ ఇవ్వదు. క్యానోపీలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడమూ ఇదే బాపతు. ఈ జవాబులో మిగతా ఏ మాటైనా మీ ఇష్టం, ఈ ఒక్కటి మాత్రం బేరం లేనిది.

ఇంజను ఆగాక ఆయన నెమ్మదించి, "కిటికీలు మూసి పడుకున్నారా? మా కండక్టర్లూ అంతే, అద్దాలన్నీ మూసి పడుకునేవాళ్లు, పొద్దునకు బస్సులోపల వాన వెలిసినట్లుండేది" అని మళ్లీ వెళ్లి పడుకున్నారు. ఐదు నిమిషాల్లో గురక. ఆయన గొంగళి మీద తడి చుక్క లేదు. ఒకవేళ పడినా ముతక గొర్రెబొచ్చు పైపైనే ఆపేస్తుంది. కురుమలు గొంగళి కప్పుకునే కదా వానలో మందలు మేపేది. వేల రూపాయలు పోసి కొనే స్లీపింగ్ బ్యాగుల కన్నా అది నయమని నేను వాదిస్తే మా ఆవిడ ఒప్పుకోదు, గుచ్చుకుంటుందని. గుచ్చుకుంటుంది, నిజమే. లోపల ఒక నూలు దుప్పటి వేసుకుంటే సరి.

పైకప్పు టెంటు గురించి ఎక్కువ చెప్పను. హాయిగానే ఉంటుంది. కానీ యాభై అరవై కిలోల బరువు, లక్ష దాటే ధరలు. కొనేముందు చూడాల్సింది కప్పు మీది కమ్మీలు బండి నడుస్తున్నప్పుడు ఎంత బరువు మోస్తాయన్నది. ఆగి ఉన్నప్పుడు మోసే బరువు వేరు, అది చాలా ఎక్కువ. అమ్మేవారు ఆ పెద్ద అంకెనే చూపిస్తారు. అర్ధరాత్రి అవసరానికి నిచ్చెన దిగాలన్నది ఇంకో సంగతి. మీ వయసు ఎంతో మీరు చెప్పలేదు.

నిజానికి మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఎక్కడ పడుకుంటారు? బెంగళూరు చుట్టుపక్కల పికప్‌లు పెరిగాయి గానీ వాటిని నిలుపుకునే చోట్లు పెరగలేదు. నంది కొండ మీదికి రాత్రి రానివ్వరు. బండీపురం అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలే బంద్. బన్నేరుఘట్ట వైపు, కావేరి ఒడ్డున అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి, అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో మకాం వేయడం నేరం. చెరువుగట్లు బాగుంటాయనుకుంటే అక్కడికి అర్ధరాత్రి సీసాలతో వచ్చేవారు ఉంటారు. అందుకే చెబుతున్నాను, టెంటు కోసం పెట్టే డబ్బులో పదో వంతు పెట్టి ఊళ్లల్లో పరిచయాలు పెంచుకోండి. మనవాళ్లకు అదొక సౌకర్యం. కోలారు దాటితే చిత్తూరు వైపు, బాగేపల్లి దాటితే అనంతపురం వైపు, ఎవరో ఒక చుట్టం తోటో కళ్లమో ఉండే ఉంటుంది. ముందు రోజు ఫోను చేసి, వెళ్లేటప్పుడు ఒక స్వీటు డబ్బా పట్టుకెళ్తే బాత్రూముతో సహా దొరుకుతుంది.

ఇంత చెప్పినా తొట్టిలోనే పడుకుంటామంటే, క్యానోపీ కాదు, బల్ల చేయించుకోండి. చక్రాల గుబ్బల ఎత్తుకు సరిపడా, నీటికి ఉబ్బని ప్లైవుడ్‌తో. అప్పుడు గుబ్బల బెడద పోయి పూర్తి వెడల్పు వస్తుంది, డాలా మీదికి మడత పలక ఒకటి పరిస్తే పొడవూ వస్తుంది, కింద సామాను పడుతుంది. దేన్నీ వెల్డింగ్ చేయించకండి. బండి నిర్మాణాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. విప్పితే ఊడి వచ్చేలా ఉండాలి. బల్ల మీద గాలి పరుపు వద్దు, కొబ్బరి పీచు పరుపు వేయండి, దాని కింద నురగ షీటు. పైన టార్పాలిన్ పట్టా కడితే రెండు పక్కలా గాలి ఆడేలా వదలండి, దోమతెర మాత్రం అన్ని వైపులా. బండిని చదునైన చోట ఆపి, కాస్త వాలు తప్పకపోతే తల ఎత్తు వైపు ఉండేలా పడుకోండి. టార్చి, నీళ్లసీసా, చెప్పులు డాలా వైపు పెట్టుకోండి. బల్ల కింద లోపలికి తోశారంటే రాత్రి ఒకరు లేస్తే ఇద్దరూ లేచి పరుపు ఎత్తాల్సి వస్తుంది.