కాకమేగా వెళ్తున్న చెల్లికి

చెల్లీ, వందనాలు.

నీ ఉత్తరం అందింది. కెన్యాలో కాకమేగా దగ్గర సంఘం వాళ్లు నిన్నూ మరిదినీ వచ్చి తమ పిల్లల హోమ్‌లో కొత్త బిల్డింగ్ కట్టి నడపమన్నారని చదివి చాలా సంతోషించాను. మన సంఘాల్లో కానుకలు కూడా పోగవుతున్నాయన్నావు. నువ్వు పంపిన ప్లాన్‌లో నలభై మంచాల హాలు చూశాను. దయచేసి దాన్ని పక్కన పెట్టండి.

కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులో కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. పిల్లల్ని హోమ్‌ల నుంచి మెల్లగా కుటుంబాల్లోకి చేర్చాలని 2022లో పదేళ్ల ప్రణాళిక కూడా తెచ్చింది. మన సేవకు అడ్డం పడాలని కాదు. హోమ్‌లలో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో, లేదంటే నానమ్మో పిన్నో ఉన్నారు. పూట గడవక, ఫీజు కట్టలేక పంపించారు, అంతే. యాకోబు 1:27 మనందరికీ కంఠతా వచ్చు. అందులో దిక్కులేని పిల్లల పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. ముసలి నానమ్మ దగ్గర్నుంచి పిల్లను తెచ్చి మనం పెంచడం కంటే, ఆవిడకి ఒక పాడి ఆవు కొనిచ్చి పిల్ల ఫీజు కడితే ఇద్దరూ నిలబడతారు. కాబట్టి ముందు ఊళ్లు తిరగండి. ఇప్పుడు హోమ్‌లో ఉన్న ఒక్కో పిల్లకి ఎవరున్నారో, ఎందుకు పంపారో కూర్చుని రాసుకోండి.

నిజంగా ఎవరూ లేని పిల్లలుంటారు. ఇంట్లో ఉండటమే ప్రమాదమైన వాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం చిన్న ఇళ్లు కట్టండి. ఇంటికి ఏడెనిమిది మంది పిల్లలు, ఒక అమ్మ, ఒక వంటగది. ఆ అమ్మ అక్కడి ఆవిడే కావాలి, జీతం సరిగ్గా ఇవ్వాలి. అమ్మలు ఏడాదికొకరు మారిపోతుంటే పిల్లలు ఎవరినీ నమ్మరు.

నేల తప్పకుండా సిమెంటు చేయించు. అక్కడి మట్టి నేలల్లో ఫుంజా అనే పురుగు ఉంటుంది. కాలి వేళ్ల దగ్గర చర్మంలోకి దూరి, గుడ్లతో బఠాణీ గింజంత ఉబ్బుతుంది. నొప్పికి పిల్లలు మడమల మీద నడుస్తారు, బడి మానేస్తారు. ఇళ్లల్లో పిన్నీసుతో తీస్తారు. ఒకే పిన్నీసు నలుగురికి వాడితే వేరే జబ్బులు అంటుకుంటాయి, అది జరగనివ్వకు. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి ప్రతి మంచానికీ దోమతెర ఉండాలి. జ్వరం వస్తే ప్రార్థన చెయ్యి, అదే గంటలో రక్తపరీక్షా చేయించు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లల మాత్రలు రోజూ అదే టైముకి పడాలి. ఎవరు వేసుకుంటున్నారో ఇంటి అమ్మకీ నర్సుకీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, ప్రార్థన విన్నపంగా కూడా బయటికి రాకూడదు.

తిండి విషయంలో మన అన్నం అలవాటు అక్కడ రుద్దకు. ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వికి అనే ఆకుకూర, బీన్స్ వాళ్లకు బలం. మొక్కజొన్న చవగ్గా వస్తోందని తడిది మాత్రం కొనకు. 2004లో తూర్పు కెన్యాలో బూజు విషం పట్టిన మొక్కజొన్న తిని 125 మంది చనిపోయారు.

కాగితాల గురించి మరిదికి చెప్పు. 2010 రాజ్యాంగం ప్రకారం విదేశీయులకు భూమి లీజుకే వస్తుంది, అదీ 99 ఏళ్లకు మించి కాదు. స్థలం అక్కడి సంఘం పేరునే ఉండనివ్వండి. బిడ్డను చర్చి గుమ్మంలో వదిలేసి పోయినా సరే, పోలీసుకీ, పిల్లల విషయాలు చూసే ప్రభుత్వ చిల్డ్రన్స్ ఆఫీసర్‌కీ చెప్పి, కోర్టు ఆర్డరు తీసుకోవాలి. జాలిపడి అలాగే ఉంచేసుకోవద్దు.

ఇక్కణ్ణుంచి వచ్చే విశ్వాసుల మీద కూడా కన్నేసి ఉంచాలి. ఎంత పెద్ద దాత అయినా పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, రాత్రి పిల్లలుండే ఇళ్లల్లో పడుకోకూడదు. పిల్లల కన్నీళ్ల కథలు ఫొటోలతో వాట్సాప్‌లో పెట్టి కానుకలు అడగొద్దు. ఆ పిల్ల రేపు పెద్దదై అదే ఫొటో చూస్తుంది.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. అక్కడ తండ్రి భూమిలో వాటా రావాలంటే వంశం వాళ్లు గుర్తుపట్టాలి. హోమ్‌లోనే పెరిగిన కుర్రాడు పద్దెనిమిదేళ్లకు ఊరికెళితే బాబాయిలు 'నువ్వెవరు' అంటారు. అందుకే ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు సెలవుల్లో, ప్రమాదం లేని ప్రతి పిల్లాణ్ణీ సొంత ఊరికి పంపండి. క్రిస్మస్ అక్కడే చేసుకోనివ్వండి. చావులకూ పెళ్లిళ్లకూ ఇంటి అమ్మే వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆ బస్సు ఛార్జీలకు బడ్జెట్‌లో ఇప్పుడే ఒక పద్దు రాయండి.

కానుకలిచ్చినవాళ్లకు ఈ ఆదివారమే చెప్పండి: హాలు కట్టడం లేదు, ఆ డబ్బులో సగం ఆవులకూ ఫీజులకూ వెళ్తుంది అని. ఒకరిద్దరు వెనక్కి అడిగితే ఇచ్చేయండి. కొత్త ప్లాన్ గీశాక నాకు పంపు, నర్సు గది ఎక్కడుంటే బాగుంటుందో చూసి చెబుతాను.

మీ అక్క