యాభై దాటిన తమ్ముడికి

తమ్ముడూ,

మెట్లు ఎక్కలేకపోతున్నానని, పొద్దున లేస్తూనే తలనొప్పని, పగలంతా నిద్రమత్తుగా ఉంటోందని రాశావు. చివర్లో "అంతా ఈ జబ్బే కదా అక్కా" అని తేల్చేశావు. ఆ మాట దగ్గరే నీతో నాకు పేచీ.

మనిద్దరికీ మస్క్యులర్ డిస్ట్రోఫీ, అంటే కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు, ఉంది కదా అని షుగరు, బీపీ, థైరాయిడ్, కీళ్ల అరుగుదల మనల్ని వదిలిపెట్టవు. థైరాయిడ్ తేడా చేసినా, విటమిన్ డి బాగా తగ్గినా కండరాలు ఇంకా నీరసిస్తాయి. వాటికి మందు ఉంది. కానీ ఫైలు మీద మన జబ్బు పేరు కనిపించగానే కొందరు డాక్టర్లు ఇక వేరే కారణం వెతకరు, మనమూ అడగం. తుంటి, భుజాల దగ్గర కండరాలని పట్టుకునే మన లింబ్ గర్డిల్ రకం ఏళ్ల తరబడి మెల్లగా లాగుతుంది. రెండు మూడు వారాల్లోనే శక్తి గబుక్కున పడిపోతే దాని వెనక ఇంకేదో ఉందని అనుమానించి తీరాలి.

రక్తపరీక్షల సంగతి కూడా చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువున్నాయని లివర్ జబ్బు అని భయపెడతారు. అవి కండరాల నుంచీ వస్తాయి. కండరం దెబ్బతింటే పెరిగే సీకే, లివర్ సంగతి చెప్పే జీజీటీ కూడా చేయించి చూస్తే తేడా తెలుస్తుంది. కిడ్నీల కోసం చూసే క్రియాటినిన్‌ది ఇంకో తిరకాసు. అది కండరం నుంచే తయారవుతుంది కాబట్టి కండ తక్కువున్న మనకి కిడ్నీలు దెబ్బతిన్నా రిపోర్టు నార్మల్‌గానే ఉండొచ్చు. కండ మీద అంతగా ఆధారపడకుండా కిడ్నీల సంగతి చెప్పే సిస్టాటిన్ సి పరీక్ష అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇక నీ తలనొప్పి. నాకు అసలు టెన్షన్ దాని గురించే. ఊపిరి తీయించేదీ కండరమే, డయాఫ్రమ్. అది నీరసిస్తే రాత్రి పడుకున్నప్పుడు శ్వాస చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున తలనొప్పి, పగటి మత్తు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం దాని గుర్తులు. మెట్లెక్కి అలిసిపోయేంత నడక మనకి లేదు కాబట్టి ఆయాసం పగలు బయటపడదు. కూర్చోబెట్టి ఊదిస్తే బాగానే ఉన్నట్టు కనిపించిన ఎఫ్‌వీసీ (నిండా పీల్చి గట్టిగా ఊదగలిగే గాలి మొత్తం), పడుకోబెట్టి ఊదిస్తే బాగా తగ్గిపోవచ్చు. రెండు రకాలుగానూ చేయించు. అవసరమైతే రాత్రిపూట బైపాప్, అంటే మాస్క్ ద్వారా గాలి తోసి ఊపిరికి సాయం చేసే మెషీన్, పెడతారు. మాస్క్ మొదట్లో చిరాకే, నేనైతే దాన్ని తిట్టని రాత్రి లేదు. కానీ తలనొప్పి పోయాక వదల్లేదు. ఒక్కటి గట్టిగా గుర్తుంచుకో: ఇలాంటి శ్వాసకి ఉత్త ఆక్సిజన్ పెట్టి వదిలేస్తే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరగొచ్చు. క్యాజువాలిటీలో ఈ మాట నువ్వే చెప్పాలి, నీకు ఓపిక లేకపోతే మరదలు చెప్పాలి.

మన రకాల్లో కొన్ని గుండెనీ పట్టుకుంటాయి. ఈసీజీ, ఎకో ఎప్పుడెప్పుడు చేయించాలో డాక్టరుని అడిగి రాసి పెట్టుకో. వ్యాయామం మానకు. మర్నాటికి కూడా నొప్పి, నీరసం తగ్గకపోతే ఎక్కువ చేశావని అర్థం, అంతే.

చక్రాల కుర్చీ అంటే "ఇంకా అంత దాకా రాలేదు" అంటావు. పడి తుంటి విరిగితే మంచం మీద గడిపే వారాల్లో పోయే నడక మనకి చాలావరకు తిరిగి రాదు. దూరాలకి కుర్చీ వాడి, ఇంట్లో నాలుగడుగులకి ఒంట్లో శక్తి మిగుల్చుకోవడం తెలివైన పని. మరదలు నిన్ను మంచం మీంచి చేతులతో లేపుతోందట. ఆమెకీ వయసొస్తోంది కదరా, నడుము ఆమెదీ నడుమే. ఎత్తే యంత్రం చూడు. దానికి సిగ్గుపడుతున్నావు గానీ, ఆమె మంచాన పడితే ఇద్దరినీ చూసేదెవరు?

ఒక కాగితం మీద జబ్బు పేరు, వాడే మందులు, మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు కావడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడకూడదన్న హెచ్చరిక, బైపాప్ సెట్టింగులు మీ న్యూరాలజిస్టు చేత రాయించుకో. ఊపిరి బాగా ఇబ్బందైతే వెంటిలేటర్ మీదికి వెళ్లాలా వద్దా అన్నది కూడా తీరిగ్గా ఉన్నప్పుడే మరదలితో, పిల్లలతో మాట్లాడు. నేను మా వాళ్లతో మాట్లాడేశాను. ఏడ్చారు, తర్వాత కుదుటపడ్డారు.

ముందు ఆ ఊపిరి పరీక్ష చేయించి ఫోన్ చెయ్యి. పడుకోబెట్టి తీసిన అంకె కూడా చెప్పాలి.

అక్క