ట్రాక్టర్ ఇంజన్ ఆయిలు గురించి శ్రీనుకు

చి. శ్రీనుకు, మామయ్య ఆశీస్సులు.

దమ్ము పనులు మొదలవ్వకముందే ఇంజన్ ఆయిలు సంగతి నీకు వివరంగా చెప్పాలి. ఇంజన్ అడుగున ఆయిలు నిల్వ ఉండే చాంబర్‌లో ఆయిలు ఉంటే చాలనుకోకు, అది ప్రెజర్‌తో బేరింగుల దాకా చేరాలి. ఇంజనులో తిరిగే ఇరుసైన క్రాంకుకూ, బేరింగు లోపలి పలుచటి రేకైన షెల్లుకూ మధ్య సందు సుమారు వెంట్రుకంత. ఆ సందులో ఆయిలు పొర నిలిచినంతసేపే ఇనుముకు ఇనుము తగలకుండా ఉంటుంది.

చాంబర్ అడుగున జాలీ ఉంటుంది. అక్కడి నుంచి పంపు ఆయిలును లాగి ఫిల్టరుకు, ఫిల్టరు నుంచి ఇంజను బ్లాకు పొడవునా ఉన్న మెయిన్ గ్యాలరీ అనే ఆయిలు దారికి నెడుతుంది. గ్యాలరీ నుంచి మెయిన్ బేరింగులకు, క్రాంకులో తొలిచిన రంధ్రాల గుండా కనెక్టింగ్ రాడ్ బేరింగులకు వెళ్తుంది. ఇంకో పాయ వాల్వులను నడిపే క్యాం షాఫ్టుకు, పైన రాకర్లకు. ప్రెజర్ మితిమీరితే రిలీఫ్ వాల్వు కొంత ఆయిలును వెనక్కి వదిలేస్తుంది. ఫిల్టరు పూడిపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిలునే ముందుకు పంపుతుంది. అప్పుడు ప్రెజర్ తగ్గితే వెలిగే లైటు వెలగదు, మురికి మాత్రం షెల్లులను గీసేస్తూ ఉంటుంది. ఆయిలు మార్చి ఫిల్టరు పాతదే ఉంచొద్దు అనేది ఇందుకే.

రోజూ పొద్దున స్టార్ట్ చేయకముందు, చదునైన చోట ఆయిలు మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూడు. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే క్రాంకు ఆయిలును చిలికి నురగ చేస్తుంది, పంపు గాలి పీలుస్తుంది. నల్లగా ఉంటే కంగారు పడకు, అది డీజిల్ మసి. తెల్లబారితే నీళ్లు కలిసినట్టే, హెడ్ గ్యాస్కెట్టు గానీ లైనరు రబ్బరు రింగులు గానీ పోయి ఉంటాయి. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే ఆయిలు పలచబడి పొర నిలవదు. ఈ రెండింటిలో ఏది కనబడినా స్టార్ట్ చేయకుండా మెకానిక్కును పిలువు.

చాలా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి, కొత్త బండికి మొదటిసారి 50 గంటలకు మార్చమంటారు. గ్రేడు, లీటర్లు, గంటలు నీ బండి బుక్కులో ఉన్నట్టే పాటించు. ఇంజను వేడిగా ఉన్నప్పుడే పాత ఆయిలును వదిలితే మురికి కూడా ఆయిలుతో దిగిపోతుంది. కొత్త ఫిల్టరు రబ్బరు రింగుకు ఆయిలు రాసి, అది తగిలాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగించు. పానా వేయకు. కొత్త ఆయిలు పోశాక, ఇంజను అంటుకోకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టు. ప్రెజర్ లైటు ఆరాకే స్టార్ట్ చెయ్యి. కాసేపు తిప్పి ఆపి, లీకులు చూసి, మట్టం మళ్లీ చూడు. ఫిల్టరు నిండేసరికి కాస్త తగ్గుతుంది.

మడిలో ఉండగా ప్రెజర్ లైటు వెలిగిందా, ఉన్నచోటే ఇంజను ఆపు. గట్టు దాకా పోనిద్దామనుకుంటే ఆ కాస్త దూరంలోనే షెల్లు కరిగి క్రాంకుకు పట్టేయొచ్చు. మట్టం సరిగ్గానే ఉంటే లైటును వెలిగించే ప్రెజర్ స్విచ్చి పోయిందని నీకు నువ్వే తేల్చేయకు, మెకానిక్కు చేత వేరే గేజీ పెట్టించి ప్రెజర్ కొలిపించు. వేడెక్కాక ఇంజను స్లోలో తిరిగేటప్పుడు మాత్రమే లైటు వెలుగుతుంటే ఆయిలు పలచబడిందో, బేరింగులు అరిగాయో తేలాలి. చిక్కటి ఆయిలు పోసి లైటు ఆర్పమని ఎవరు చెప్పినా వినకు. అరుగుదల అలాగే ఉంటుంది, చల్లటి పొద్దున ఆ చిక్కటి ఆయిలు రాకర్ల దాకా ఎక్కడానికి ఇంకా ఆలస్యమవుతుంది.

ఇట్లు,
మామయ్య