పుస్తెలు వెనక్కి ఇవ్వమంటున్నారు, ఇవ్వాలా?

ప్రశ్న: విడాకుల కేసు నడుస్తోంది. "పుస్తెలతాడు మేం చేయించింది, ఇచ్చేయమనండి" అని మా అత్తగారు పెద్దమనుషులతో కబురు పంపారు. నా మిగతా నగలన్నీ వాళ్ల లాకర్‌లోనే ఉన్నాయి. తాడు తీస్తే కేసు పోతుందని మా అమ్మకు టెన్షన్. ఏం చేయను?

జవాబు: ఇవ్వక్కర్లేదమ్మా. మన దగ్గర చాలా ఇళ్లలో ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది, కాబట్టి ఆచారం ప్రకారం చూసినా "మాది" అనే మాట సగమే నిజం. చట్టానికి ఆ లెక్క కూడా అక్కర్లేదు, ఎవరు చేయించినా పెళ్లిలో మీకు పెట్టింది మీ స్త్రీధనమే, అంటే మీ సొంత ఆస్తే, అత్తమామలు పెట్టినవీ అందులోకే వస్తాయి. జాగ్రత్త కోసం వాళ్ల దగ్గర ఉంచిన నగలు అడిగినా ఇవ్వకపోతే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 1985లోనే, ప్రతిభారాణి కేసులో చెప్పింది. ఇప్పుడది, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్.

ఇంకో సంగతి, మీ నాన్నగారిని ముందుకు తోయకండి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, విడాకులైన కూతురి నగల కోసం తండ్రి పెట్టిన కేసును సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది. నగలు ఆమెవి, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి ఎలా అడుగుతాడని. అంటే కన్నవాళ్లకే లేని హక్కు మీ అత్తగారికి ఎక్కడిది?

తాడు తీయడం గురించి. భార్య తాళి తీసేయడాన్ని మద్రాసు హైకోర్టు 2022లో మానసిక క్రూరత్వంగా చూసిన మాట నిజమే. కానీ అక్కడ ఇతర ఆరోపణలూ ఉన్నాయి, తాళి తీసినంత మాత్రాన పెళ్లి బంధం తెగిపోదని ఆ తీర్పులోనే ఉంది. నాకైతే మెడలో ఏముందో చూసి మనసు లెక్కగట్టడం నచ్చదు, మగాడి మెడలో చూడటానికి ఏమీ ఉండదు కదా! అయినా అవతలి లాయరు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతాడు కాబట్టి, తీస్తే ఎందుకు తీశారో మీ లాయరుకు ముందే చెప్పి ఉంచండి. పెద్దమనుషుల చేతికి మాత్రం ఇవ్వకండి.

లాకర్‌లో ఉన్నవాటికి పెళ్లి ఫొటోలు, వీడియో, నగల బిల్లులు తీసి ఒక లిస్టు రాయండి. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు స్త్రీధనం తిరిగి ఇప్పించవచ్చు, 19వ సెక్షన్‌లో ఉంది. రేపు పరస్పర అంగీకారంతో విడాకులకు దిగితే మాత్రం ఒప్పందంలో "అన్నీ ముట్టాయి" అనే వాక్యం కనిపిస్తే, నగలు చేతికొచ్చేదాకా సంతకం పెట్టకండి.