ఫీజు కట్టారు సరే, గుంట చూడటానికి ఎవరైనా వచ్చారా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది అనంతపురం, ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. సర్జాపుర వైపు థర్టీ ఫార్టీ (30×40 అడుగుల) సైటు కొన్నాం. వ్యవసాయ భూమిని ఇళ్ళ స్థలంగా మార్చే కన్వర్షన్ ఖర్చు లేఅవుట్‌వాళ్ళు మా దగ్గరే రాబట్టారు. ఇప్పుడు ఇంటి లైసెన్సుకి వెళ్తే పంచాయతీలో మళ్ళీ ఫీజు, అందులో పరిశీలన రుసుము అని ఒకటి, 'ఇతరాలు' అని ఇంకొకటి. డ్రైనేజీ లైను లేదు కాబట్టి సెప్టిక్ ట్యాంకు కూడా ప్లానులో చూపించమన్నారు. ఒకే స్థలానికి ఇన్నిసార్లు కట్టడమేంటండీ?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: స్థలం ఒకటే గానీ పనులు వేరండీ. వ్యవసాయ భూమిని ఇళ్ళకు మార్చడం 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద డిప్యూటీ కమిషనర్ చేసే పని, అందుకే దాన్ని డీసీ కన్వర్షన్ అంటారు, ఆ డబ్బు రెవెన్యూ శాఖకు వెళ్తుంది. ఇంటి ప్లాను చూసి లైసెన్సు ఇచ్చేది పంచాయతీ. కాబట్టి రెండోసారి అడగడంలో తప్పు లేదు. 'ఇతరాలు' మాత్రం వదలకండి. రాజ్యాంగం 243హెచ్ ప్రకారం రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారంతో, దాని పరిమితుల్లోనే పంచాయతీ ఫీజు వేయాలి, కాబట్టి అది ఏ నియమం కింద వసూలు చేస్తున్నారో రాతలో అడగండి.

పన్ను అందరి అవసరాల కోసం, ఫీజు మనకు చేసిపెట్టే పని కోసం అని సుప్రీంకోర్టు 1954లోనే తేడా చెప్పింది. తర్వాత 1983లో, మన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ ఫీజుల కేసులోనే, రూపాయికి రూపాయి లెక్క కుదరనక్కర్లేదు, వసూలుకీ సేవకీ స్థూలంగా పొంతన ఉంటే చాలని అంది. అంటే పరిశీలన రుసుము తీసుకున్నవాళ్ళు పరిశీలించాలి, నా బాధంతా అక్కడే. ప్లాను మీద స్టాంపు వేసి పంపేస్తే సెప్టిక్ ట్యాంకు సంగతి ఎవరు చూసినట్టు?

మీ సైటే తీసుకోండి. ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే గుంట, అదే సోక్‌పిట్, తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు దూరం ఉండాలని సెప్టిక్ ట్యాంకులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతోంది. 18 మీటర్లంటే దాదాపు 59 అడుగులు. థర్టీ ఫార్టీ సైటులో ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచినా 50 అడుగులే! సొంత బోరూ సొంత గుంటా ఒకే సైటులో పెడితే ఆ దూరం ఎలాగూ రాదు, మీ బోరు సంగతి పక్కన పెట్టినా పక్కింటివాళ్ళ బోరు మీ గుంటకి ఎంత దూరంలో ఉందో ఆఫీసులో కూర్చుంటే తెలియదు, వచ్చి టేపు పట్టాల్సిందే. బోరు వేయించేటప్పుడు కేసింగు (బోరు లోపల దించే గొట్టం) గట్టి రాయి తగిలేదాకా దించారో లేదో కూడా అడగండి, లేకపోతే పైపొర నీరు నేరుగా బోరులోకి దిగుతుంది.

రేట్ల పట్టిక చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటల లోపు ఉండాలి, అందుకని కథంతా రాయకుండా ఫీజుల తీర్మానం నకలు, తనిఖీ నివేదిక నకలు అని మాత్రమే రాయండి.

ప్రశ్న: ఇంటి లైసెన్సుకి పంచాయతీ తీసుకునే ఈ ఫీజులు తగ్గించమని గ్రామసభలో గట్టిగా అడుగుదామని మా లేఅవుట్‌లో కొందరు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక గృహిణి, హోసకోట

జవాబు: అడగండమ్మా, కానీ అదొక్కటే అడిగి రాకండి. తనిఖీకయ్యే ఖర్చు కంటే ఫీజు తగ్గితే ఆ తేడా ఊళ్ళో అందరి ఇంటి పన్ను మీద పడుతుంది, లేదా తనిఖీయే మానేస్తారు. చిన్న ఇంటికీ నాలుగంతస్తుల పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టలుకీ ఒకే ఫీజు ఉంటే అది అన్యాయం, కట్టే విస్తీర్ణాన్ని బట్టి మార్చమనండి. దాంతోపాటు ట్యాంకు మీద స్లాబు వేయకముందే ఇంజినీరు వచ్చి చూడాలని తీర్మానం చేయించండి, మూసేశాక లోపల గోడ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం, కాబట్టి శుభ్రం చేసే బండి పైపు అందేలా మూత రోడ్డు వైపు పెట్టాలన్న షరతు కూడా లైసెన్సులోనే రాయించండి.