బరువు సైకిల్‌కి తొమ్మిది వేలు పెట్టాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: ఐదేళ్ల కిందట మొదటి జీతంతో ముందూ వెనకా షాకర్లున్న స్టీల్ ఎంటీబీ (కొండదారుల సైకిల్) కొన్నాను. దాని బరువు 18 కిలోలు, నాది 76. ఆదివారాలు మద్దిలపాలెం నుంచి బీచ్ రోడ్డు మీదుగా ఋషికొండ వెళ్లొస్తుంటాను. స్నేహితులు హైబ్రిడ్ సైకిళ్ల (రోడ్డు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్యరకం) మీద దూసుకుపోతారు, నేను ఆయాసపడుతూ వెనకే ఉండిపోతాను. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కవ్వ), చక్రాలు, గేర్లు మారిస్తే తేలికవుతుందని మెకానిక్ 9 వేలు చెప్పాడు. కొత్త హైబ్రిడ్ పాతిక వేలు. పాతది అమ్మబుద్ధి కావడం లేదు. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, సైకిల్ పైకి మోసుకెళ్లాల్సిందే. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ 9 వేలు మాత్రం పెట్టకండి. బరువులో పెద్ద వాటా ఫ్రేమ్‌లోనూ వెనక షాకర్‌లోనూ ఉంది, అవి ఎలాగూ మారవు. పైగా ఇలాంటి సైకిళ్లలో చాలావాటికి గేర్ల పళ్లచక్రం హబ్‌కి (చక్రం నడిమి భాగానికి) మరతో బిగించి ఉంటుంది, గేర్లు పెంచాలంటే హబ్ మార్చాలి, దాంతో చెయిన్, షిఫ్టర్ (గేరు మార్చే మీట), డీరైలర్ (చెయిన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) కూడా, అలా ఒకటి ముట్టుకుంటే నాలుగు మీద పడతాయి. నేనూ ఒక పాత సైకిల్‌కి ఇలాగే కొంచెం కొంచెంగా డబ్బు పోశాను, చివరికి అమ్మబోతే ఆ కొత్త సామాన్లకి ఎవరూ రూపాయి ఎక్కువ ఇవ్వలేదు.

ఇంకో మాట, మీరు వెనకబడటానికి బరువొక్కటే కారణం కాదు. మీరూ సైకిలూ కలిసి 94 కిలోలు, 13 కిలోల సైకిల్ ఎక్కితే 89. అంటే 20 నిమిషాలు పట్టే ఎత్తు మీద మిగిలేది ఇంచుమించు ఒక్క నిమిషం, చదును రోడ్డు మీద అదీ ఉండదు. మిమ్మల్ని అసలు లాగుతున్నది టైర్లు. తారు రోడ్డు మీద ఆ గుబ్బల టైరు గుర్రుమని మోగుతుంది చూడండి, ఆ మోత మీ కాళ్ల బలమే. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు కిందకీ పైకీ ఊగుతుంటే వెనక స్ప్రింగ్ కూడా కొంత తినేస్తున్నట్టే.

కాబట్టి ముందు మీ చక్రాల సైజుకి (ఇలాంటివాటికి మామూలుగా 26 అంగుళాలు) సరిపడే నున్నటి టైర్లు, 1.5 లేదా 1.75 అంగుళాల వెడల్పువి, వేయించండి. జత సుమారు రెండు వేల లోపు వస్తాయి. టైరు పక్కన రాసి ఉన్నంత గాలి గేజ్ ఉన్న పంపుతోనే కొట్టండి, వేలితో నొక్కి చూస్తే తెలియదు. వెనక చక్రం ఎత్తి ఒక్కసారి గట్టిగా తిప్పండి, వెంటనే ఆగిపోతే బ్రేక్ రాసుకుంటోందో బేరింగ్ బిగుసుకుందో చూడాలి.

ఇక మెట్లు. రోడ్డు మీద ఐదు కిలోలు పెద్ద తేడా కాదు గానీ, తొక్కి అలిసిపోయి వచ్చాక భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కేటప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది, సైకిల్ తీయడానికే బద్ధకం వచ్చేది అక్కడే. అందుకే మీ విషయంలో కొత్తది కొనమనే చెబుతాను. ముందువైపు షాకర్ లేని అల్లాయ్ (అల్యూమినియం) ఫ్రేమ్ హైబ్రిడ్ చూడండి, ఆ ధరలో షాకర్ ఉన్నవి చాలావరకు బరువుగానే ఉంటాయి. షాపులోనే లగేజీ తూనికకు తగిలించి చూడండి, మొహమాటపడొద్దు.

పాతది అమ్మొద్దు. మొదటి జీతం సైకిల్ కదా, ఆ కొత్త టైర్లతోనే కింద గేటు దగ్గర తాళం వేసి ఉంచుకోండి, రైతుబజారుకి అదే వాడండి. సముద్రపు గాలికి చెయిన్ త్వరగా తుప్పు పడుతుంది, వారానికోసారి తుడిచి నూనె వేయండి.